సెంటున్నరలో స్విట్జర్లాండ్

డిసెంబరు నడిమికొచ్చేసరికి మడకశిరలో పొద్దున ఎనిమిదైనా ఒంటి మీది దుప్పటి దిగదు. మూడు దిక్కులా కర్ణాటకలోకి చొచ్చుకుపోయిన ఎత్తు నేల మాది. ఆ చలికి కుక్క కూడా పొయ్యి బూడిదలోంచి లేవదు. సరిగ్గా ఆ వేళకే కరెంటు పొదుపు గుర్తుకొస్తుంది. మాకు కాదు, దేశానికి.

డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినం. ఆనాటి నుంచి 20 దాకా వారోత్సవాలు. బడిపిల్లల్ని వరుసకట్టిస్తారు. స్వెట్టరు లేని పిల్లోడి చేతికి ఒక అట్టముక్క ఇస్తారు. ‘అవసరం లేనప్పుడు ఫ్యాను ఆపండి’ అని దాని మీద రాసుంటుంది. వాడు పండ్లు కొరుకుతా నినాదమిస్తాడు. వెనకాల వాళ్ళు అందుకుంటారు. వీధి అరుగుల మీద శాలువ కప్పుకున్న ముసలోళ్ళు మర్యాదగా వింటారు. ఆ పూట ఊరు మొత్తం గాలించినా తిరిగే ఫ్యాను దొరకదు. దాన్ని ఆపమని ఊరేగింపు!

రంజాను నెల అయిపోయాక ఉపవాసం గొప్పదని చాటినట్టు, కోత అయిపోయాక విత్తనం మేలు చెప్పినట్టు, మాకు చలికాలంలో చల్లదనం గురించి పాఠం చెబుతారు. పాఠం చెప్పే పెద్దమనిషి కోటు వేసుకుని వస్తాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. తేదీ పైనుంచి వచ్చింది. పైన ఎక్కడో చల్లగా ఉన్నట్టుంది.

మా కష్టం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అప్పుడు ఏ ర్యాలీ రాదు. అప్పుడొచ్చేది మీటరు చూసేవాడు ఒక్కడే. చేతిలో మిషను, మెడలో తువ్వాలు. చీటీ చించి ఇచ్చి, ‘రోంత నీళ్ళియ్యండి అక్కా’ అంటాడు. ఆ చీటీ చదివిన అక్కకు కూడా నీళ్ళే కావాలి.

మా ఇంటి సంగతి చెప్తే ఊరి సంగతి చెప్పినట్టే. మా అవ్వ కాలంలో మాది చవుడు మిద్దె. మూరెడు మందం మట్టిగోడలు. రాతి కంబాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కొమ్మా రెమ్మా పరిచి, మట్టి తొక్కి, పైన చవుడు పోసేవాళ్ళు. నడిమింట్లో పైన ఒక గవాక్షి. మధ్యాహ్నం దాంట్లోంచి ఎండ ఒక చాపంత మేర పడేది. ఆ చాప మీద తప్ప ఇంట్లో ఎండ అనేది ఉండేది కాదు. వేడిగాలి పైకి ఎగిసి గవాక్షిలోంచి పోయేది. ఈ మాట మాకెవరూ చెప్పలేదు; మా అవ్వకూ ఎవరూ చెప్పలేదు. కట్టిన ఒడ్డెవాళ్ళకు తెలుసు, అంతే.

ఆ మిద్దెను నేను దేవలోకం చేసి చెప్పబోను. వాన పడితే కారేది. కారే చోటల్లా తపేలాలు పెట్టి రాత్రంతా మేలుకునేవాళ్ళం. గోడల్లో తేళ్ళు, దంతెల్లో పాములు. ఏటా వానలకు ముందే గంపలతో చవుడు మోసి పైన పోయాలి. ఆ గంప మోసింది మా అవ్వ తలే. పాత ఇళ్ళ గొప్పదనం గురించి వ్యాసాలు రాసే నాబోటోళ్ళ తల కాదు. జడివాన పట్టుకుంటే గోడ ఎప్పుడు కూలుతుందోనని భయం. కాబట్టి దాన్ని పడగొట్టినందుకు నాకు చింత లేదు. పడగొట్టి ఏం కట్టినామో, దానికే చింత.

స్లాబు కట్టినాం.

స్లాబు అంటే మా దిక్కు అది కప్పు కాదు, హోదా. పిల్లనడగడానికి వచ్చినోళ్ళు అడిగే మొదటి మాట, ‘ఏమప్పా, స్లాబేస్తివా?’ అని. వేసినానంటే సంబంధం సగం కుదిరినట్టే. లోపల పిల్ల ఎట్లా పడుకుంటాదో ఎవరూ అడగరు. అయిదంగుళాల కాంక్రీటు పొద్దుగూకులూ ఎండను తాగి, చీకటి పడినాక తీరిగ్గా ఇంట్లోకి కక్కుతుంది. పగలు తొమ్మిది నుంచి ఐదు దాకా పని, రాత్రి ఓవరుటైం. ప్రభుత్వ కొలువులో కూడా అంత నమ్మకంగా పనిచేసేవాణ్ణి నేను చూడలేదు. కింద ఫ్యాను పెడితే అది ఆ వేడినే ముక్కలు ముక్కలుగా కోసి మన మీద వేస్తుంది. మే నెల రాత్రి పది గంటలప్పుడు మా ఇంట్లో ఫ్యాను గాలికి, పెనుకొండ రోడ్డు మీద లారీ ఇంజను పక్కన నిలబడితే వచ్చే గాలికి తేడా కనిపెట్టినోళ్ళకు నేనే సన్మానం చేస్తా.

పాత మిద్దె కాలంలో ఉడుకు పోస్తే పైకెక్కి పడుకుని చుక్కలు లెక్కపెట్టేవాళ్ళం. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద, ఏసీ మూతి మీద లెక్కపెడుతున్నాం. మూడు చుక్కలా, అయిదు చుక్కలా? 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యానుకు కూడా చుక్కల చీటీ తప్పనిసరి అయింది. ఆకాశంలోవి వదిలేసి ఇంట్లోకి తెచ్చుకున్నాం. మిగిలినవి కరెంటు బిల్లు చూపిస్తోంది.

స్లాబుతో ఆగామా? లేదు. హిందూపురం దాకా వచ్చిన బెంగళూరు అక్కణ్ణుంచి మా వీధిలోకి కూడా వచ్చింది. దాని పేరు ఎలివేషను. ఇంటికి ముఖం ఉండాలంట. ఆ ముఖానికి అద్దాలు ఉండాలంట. పడమటి ఎండ నేరుగా కొట్టే గోడకు పైనుంచి కిందిదాకా నీలం అద్దం బిగించి, లోపల కర్టెను కట్టి, కర్టెను వెనకాల ఏసీ పెట్టి, బయట నిలబడి ఫోటో తీసుకుంటారు. అద్దంలోంచి ఎండను లోపలికి పిలిచి, ఏసీతో బయటికి తరమడం. వచ్చిన చుట్టాన్ని కాళ్ళు కడిగి కూర్చోబెట్టి, వెంటనే మెడబట్టి గెంటినట్టు. దానికి నెలనెలా బిల్లు కట్టి, ‘కరెంటోళ్ళు దోచుకుంటున్నారు సామీ’ అని వాపోతాం.

ఇక వాస్తు. దీని మీద ఎవరి మనసూ నొప్పించకుండా రాయాలని మా ఇంట్లోవాళ్ళు ఆజ్ఞ. సరే, ఉన్నది ఉన్నట్టు రాస్తా. జూన్ నుంచి మా దిక్కు గాలి వీచేది నైరుతి నుంచి. ఆ గాలిని పట్టుకోవడానికే ధర్మవరం పక్కన రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టినారు. అంత విలువైన గాలి అది. ఆ నైరుతి మూలను మాత్రం ఇంట్లో బరువు పెట్టి, కిటికీ లేకుండా మూసెయ్యాలి. సరేనని మూసినాం. ఆ మూల గదిలోనే యజమాని పడుకోవాలన్నారు. సరేనని పడుకున్నాం. దక్షిణం గోడా పడమటి గోడా రెండూ మధ్యాహ్నం ఎండకు కాగేది ఆ ఒక్క గదికే. ఇంట్లో అన్నిటికంటే వేడి గదిలో ఇంటి పెద్దను పడుకోబెట్టి, గాలి రాకుండా మూసి, నెత్తిన స్లాబు వేసే ఈ ఏర్పాటును వేరే ఏ దేశంలోనైనా శిక్ష అంటారు. మనం మాస్టరు బెడ్రూము అంటాం.

ఇంత చేసుకున్న జాతిని దారిలో పెట్టకుండా సర్కారు ఊరుకుంటుందా? శాస్త్రం రాసింది. పేరు ఎకో నివాస్ సంహిత. 2018లో, అదే డిసెంబరు 14నే విడుదల చేసినారు. చరక సంహిత, సుశ్రుత సంహిత తర్వాత మనకు దక్కిన సంహిత ఇది. లోపల ఉన్నది మంచి సరుకే, ఎగతాళి చేయను. గోడలు, కిటికీలు, కప్పు కలిపి ఇంట్లోకి ఎంత వేడి రానివ్వాలో లెక్కగట్టినారు. కప్పు మినహా తక్కిన గోడలూ కిటికీలూ మొత్తం మీద చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదన్నారు. కప్పుకు వేరే హద్దు పెట్టినారు. భారత్, స్విట్జర్లాండ్ కలిసి 2011లో మొదలుపెట్టిన భవన ఇంధన పథకంలోని నిపుణులు దీనికి సాయం చేసినారు.

దాన్ని తీసుకుని మా మేస్త్రి దగ్గరికి పోయినా. ‘చదరపు మీటరుకు 15 వాట్లకు మించి లోపలికి రాకుండా కట్టాలంట’ అన్నా. ఆయన బీడీ ఆర్పి, ఇంటి జాగా వైపు చూసి, ‘వైరింగు వాళ్ళను అడుగు సామీ, వాట్ల పని నాది కాదు’ అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? ఆయనకు సంహిత ఎవరూ చేరవేయలేదు. ఆయన చేతికి చేరింది ఇటుక, ఇసుక, కంకర, ఓనరు తొందర. దేశంలో ఇళ్ళు కట్టేది మేస్త్రీలు. సంహిత చదివేది ఇళ్ళు కట్టనివాళ్ళు.

చేరవేసినా లాభం లేదు. ఆ సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న స్థలాలకు. మా లెక్కలో చెప్తే పన్నెండు సెంట్లు దాటాలి. మడకశిర, రొళ్ళ, అగళిలో పన్నెండు సెంట్లలో ఇల్లు కట్టేవాడికి పుస్తకమెందుకు? వాడికి చెట్టు నాటుకునే జాగా ఉంది, వరండా వేసుకునే తాహతు ఉంది. ఎండ దెబ్బ తినేది సెంటూ సెంటున్నరలో ఇరుక్కున్నోడు.

వాడిని మరిచిపోయారనుకుంటారేమో. మరవలేదు. 2020 డిసెంబరు 25న ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్ళు’ మొదలైనప్పుడు పల్లెలో ఒకటిన్నర సెంటు, పట్నంలో ఒక సెంటు చొప్పున పట్టాలు పంచినారు. ఇంటికి లక్షా ఎనభై వేలు. నేల వైశాల్యం 340 చదరపు అడుగులు. ఈ ఇళ్ళలోకే ఆ ఇండో-స్విస్ పరిజ్ఞానం తెస్తామని 2021లో ప్రకటనలు వచ్చినాయి. లోపల వేడి తగ్గుతుంది, కరెంటు మిగులుతుంది అన్నారు. నాకు అప్పుడు కళ్ళు చెమ్మగిల్లినాయి. ఆల్ప్స్ మంచుకొండల్లో పుట్టిన జ్ఞానం, మా ఊరి బయట బండరాళ్ళ మధ్య, చెట్టన్నది లేని లేఅవుట్లో, గోడకు గోడ ఆనుకున్న సెంటున్నరలో దిగబోతోంది!

లక్షా ఎనభై వేలల్లో పునాది పోనూ, గోడ పోనూ, స్లాబు పోనూ, స్విట్జర్లాండ్‌కు ఎంత మిగులుతుందో మీరే కట్టండి. సిమెంటు మూట, ఇనుము ధర, కూలి తెలిసిన ప్రతివాడికీ తెలుసు, ఆ సొమ్ముకు ఇల్లే పూర్తికాదు. మిగతాది అప్పు. తర్వాత ఆ ఇళ్ళవాళ్ళకు నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, రెండు ట్యూబులైట్లు, రెండు ఫ్యాన్లు తక్కువ ధరకు ఇప్పిస్తామన్నారు. ఆలోచన చెడ్డది కాదు. అయితే పొయ్యి మీద కూర్చోబెట్టి విసనకర్ర ఇచ్చినట్టుంది. కప్పును చల్లబరిస్తే ఫ్యాను సగం పూట ఆగుతుంది. ఫ్యానును మారిస్తే కప్పు చల్లబడదు. ఈ రెంటిలో మొదటిదానికి చీటీ అంటించలేం. అందుకే రెండోదే చేస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి, డబ్బు లెక్కకు వస్తా. ఇంటి యజమానిని ‘ప్రోత్సహించడం’ అంటే ఏమిటో ఈ లెక్కలో తేలుతుంది.

మన రాష్ట్రంలో ఇంటి కరెంటు ధర మెట్లుమెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90. ఆ పైన 75 దాకా 3 రూపాయలు. 125 దాకా 4.50. 225 దాకా 6. 400 దాకా 8.75. ఆ పైన 9.75. పేదోడికి తక్కువ, పెద్దోడికి ఎక్కువ, న్యాయమే. అయితే ఈ మెట్లు దిగేటప్పుడు చూడండి. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు తాగుతుంది. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై లోపే. రోజుకు పదిహేను గంటలు తిప్పితే నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. ఆ ఫ్యాను పాతదానికంటే వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ. 400 యూనిట్లు వాడే ఆసామికి మిగిలిన ప్రతి యూనిట్టూ 8.75, నెలకు 175 రూపాయలు చేతికొస్తాయి, ఎనిమిది తొమ్మిది నెలల్లో ఫ్యాను గిట్టుబాటు. 60 యూనిట్లు వాడే కూలిమనిషికి అదే ఇరవై యూనిట్లు 60 రూపాయలు. రెండేళ్ళు ఆగాలి. రెండేళ్ళ తర్వాత వచ్చే లాభం కోసం ఈరోజు పదిహేను వందలు ముందే పెట్టగలిగినవాడు అరవై యూనిట్ల దగ్గర ఉండడప్పా.

సూర్య ఘర్ లెక్క ఇంకా ముద్దుగా ఉంటుంది. మిద్దె మీద సౌర పలకలు పెట్టుకోవడానికి 2024 ఫిబ్రవరిలో మొదలైన పథకం అది. 75,021 కోట్లు, కోటి ఇళ్ళు. కిలోవాటుకు 30 వేల చొప్పున రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు, అంతకు పైనైతే 78 వేలు సబ్సిడీ. మా సీమలో ఎండకు కొదవా! కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు ఇట్టే వస్తాయి. నెలకు 400 యూనిట్లు వాడే ఇల్లు మూడు కిలోవాట్లు పెట్టుకుంటే నెలకు రెండువేల నాలుగొందలు పైనే మిగులుతుంది. సబ్సిడీ పోనూ పెట్టిన లక్ష చిల్లర నాలుగేళ్ళలో తిరిగి వస్తుంది. బ్యాంకు వడ్డీ కంటే మేలు. 60 యూనిట్లు వాడే ఇంటి బిల్లు ఎంత? స్థిర ఛార్జీ, సుంకం, సర్దుబాట్లు పక్కన పెడితే నెలకు 147 రూపాయలు. వాడు సబ్సిడీ పోనూ చేతినుంచి 60 వేలు పెడితే తిరిగి రావడానికి ముప్పై నాలుగేళ్ళు. పలకలకే పాతికేళ్ళ హామీ. అంటే వాడు తన పలకలకు కర్మకాండ జరిపించి, ఇంకో తొమ్మిదేళ్ళు బాకీ తీరుస్తూ ఉండాలి.

ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని రాష్ట్రం ప్రకటించింది. మంచి మాట. చేతులెత్తి మొక్కుతా. కానీ రెండు కిలోవాట్ల పలకలకు రెండువందల చదరపు అడుగులు కావాలి. 340 అడుగుల ఇంటి మిద్దె మీద నీళ్ళ ట్యాంకు, బట్టల తీగ, ఎండబోసిన మిరపకాయలు, పొప్పు, రాత్రికి పిల్లల పడక, అన్నీ సర్దుకోవాలి. ఒక్క లాభం మాత్రం ఏ కరపత్రంలోనూ రాయలేదు: పలకల నీడన పడిన స్లాబు కాగదు. కరెంటు సంగతి దేవుడెరుగు, నీడకోసమైనా పెట్టించుకోవచ్చు. మా అవ్వ ఉంటే దాని కింద పందిరి అనుకుని గుమ్మడి తీగ పాకించేది.

ఇదంతా పొదుపు చేస్తే మిగిలే లెక్క. పొదుపు చేసినా మిగలని లెక్క ఇంకొకటుంది. 2022-23లో మనం ఎప్పుడో వాడేసి, మరిచిపోయిన కరెంటుకు సర్దుబాటు పేరిట ఆరువేల కోట్లు పైచిలుకు రాష్ట్రమంతటా వసూలు చేసుకోవడానికి విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించింది. వసూలు మొదలైంది 2024 డిసెంబరులో. పొదుపు వారోత్సవమూ డిసెంబరే, బాదుడూ డిసెంబరే. క్యాలెండరు వేసినవాడికి హాస్యం తెలుసు. ఇవాళ్టి ఫ్యాను ఆపగలం. రెండేళ్ళ కిందట తిరిగిన ఫ్యానును ఏ స్విచ్చుతో ఆపాలో ఆ అట్టముక్క మీద రాసి పంపండి, పిల్లోడి చేత చదివిస్తాం.

న్యాయంగా ఒక మంచి కూడా చెప్పాలి. ఎల్‌ఈడీ బల్బు నిజంగా ఇంటింటికీ చేరింది. మన రాష్ట్రంలో ఆ బల్బులు పంచే పథకం మొదట దిగిన నాలుగు జిల్లాల్లో అప్పటి ఉమ్మడి అనంతపురం ఒకటి. పాత బుడ్డి బల్బు తెచ్చిస్తే, పది రూపాయలకు కొత్తది. ఇంటికి రెండు. ఆ బుడ్డి బల్బులకు ఒక్కసారిగా అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు. మాడిపోయినవాటిని కూడా చెత్తకుప్పల్లోంచి వెతికి తెచ్చినారు. 2014లో సర్కారు 310 రూపాయలకు కొన్న బల్బు, కోట్లలో కొనేసరికి 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. దేశమంతా 36 కోట్లకు పైగా పంచినారు. ఎందుకు నడిచింది? ర్యాలీ వల్ల కాదు. దరఖాస్తు లేదు, పోర్టలు లేదు, ఓటీపీ లేదు, ‘సర్వరు డౌను, రేపు రండి’ లేదు. పాతది ఇయ్యి, కొత్తది తీసుకో. మా జనానికి పొదుపు తెలియదని ఉపన్యాసమిచ్చేవాళ్ళు ఆ క్యూ చూసి ఉంటే బాగుండేది. చిక్కిన నూనెబొట్టుతో తాళింపు వేసే జనానికి పొదుపు నేర్పడమంటే చేపకు ఈత నేర్పడమే.

అద్దెవాళ్ళ కథ మరీ బాగుంటుంది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్లు బయటికొచ్చినప్పటి నుంచి చుట్టూ అద్దె ఇళ్ళ గిరాకీ పెరిగింది. గది మీద గది, స్లాబు మీద స్లాబు. కట్టేది ఓనరు, కాగేది అద్దెకున్నోడు, కరెంటు బిల్లు కట్టేదీ వాడే. ఇప్పుడు ఆ ఓనరు దగ్గరికి పోయి ‘మిద్దెకు వేడి తగలకుండా ఖర్చుపెట్టు నాయనా, ఇరవై శాతం కరెంటు మిగులుతుంది’ అని ప్రోత్సహించండి. ఎవరికి మిగులుతుంది? అత్త సొమ్ము అల్లుడు దానం చేయమంటే అల్లుడు ఒప్పుకుంటాడు. అల్లుడి సొమ్ము అత్తకు దానం చేయమంటే ఒప్పుకుంటాడా? కొందరు ఇంకా ముందుకు పోయినారు. గదికొక సబ్‌మీటరు బిగించి, యూనిట్టుకు పది రూపాయలు గుండుగుత్తగా వసూలు చేస్తారు. అట్లాంటాయనకు ఇంటి వేడి ఒక పంట. మే నెల వాళ్ళకు కోతల కాలం. ‘అద్దె ఇంటి ప్రకటనలో గదికి మే నెల కరెంటు ఖర్చు రాయాలి’ అని ఒక్క నిబంధన పెట్టి చూడండి, సంహిత లేకుండానే సున్నం డబ్బాలు కదులుతాయి. పెట్టరు. పెట్టేవాళ్ళకూ అద్దె ఇళ్ళుంటాయి.

అదే పెనుకొండలో గగన్ మహల్ ఉంది. 1565లో రాక్షసి తంగడి యుద్ధం పోయాక విజయనగరం రాజులు దిక్కులేక వచ్చి తలదాచుకున్న ఊరు. ఓడిపోయి వచ్చినవాళ్ళు కూడా మందంగా, సున్నంతో, కమానులతో, గాలి తోవలతో కట్టుకున్నారు. మనం ఏ యుద్ధమూ ఓడలేదు. అయినా శత్రువు కట్టించి ఇచ్చినట్టుంటాయి మన ఇళ్ళు.

ధర్మవరం పోతే ఇంకొక ఎండ. అక్కడ ఇల్లే కార్ఖానా. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా కూర్చునేవాడికి నెత్తిన సిమెంటు రేకో, స్లాబో. పట్టుపోగు కనపడాలంటే పట్టపగలు లైటు వేసుకోవాలి, ఎందుకంటే కిటికీ పక్కింటి గోడకు తెరుచుకుంటుంది. 2025 ఆగస్టు 7న చేనేత దినం నాడు మగ్గాలకు నెలకు 200 యూనిట్లు, మరమగ్గాలకు 500 యూనిట్లు ఉచితమని ముఖ్యమంత్రి ప్రకటించినారు. నేసేవాడికి అది ఊరటే, కాదనేవాడు దుర్మార్గుడు. అయితే ఆ కరెంటులో ఎంత భాగం మగ్గానికి, ఎంత భాగం రేకు వేడితో కుస్తీ పట్టడానికి పోతుందో ఎవరూ అడగరు. ఏటేటా ఉచిత కరెంటుకు అయ్యే సొమ్ములో రవ్వంత ఒక్కసారి కప్పు మీద పెడితే చాలని చెప్పేవాణ్ణి పిచ్చోడంటారు. కప్పు కింద ఫ్లెక్సీ కట్టలేరు కదా.

ఈ మధ్య ఒక కార్యాలయానికి పనిమీద పోయినా. ఏ కార్యాలయమో చెప్పను, చెప్పినా నా పని కాదు. గోడ మీద ‘విద్యుత్ ఆదా, దేశానికి సేవ’ అని పెద్ద బోర్డు. బోర్డు బాగా కనపడాలని దాని మీద పట్టపగలు రెండు లైట్లు. లోపల ఏసీ 18 మీద ఉంది. కొత్త ఏసీలు తమంతట తాము 24 డిగ్రీల మీద మొదలు కావాలని 2020 జనవరి నుంచి కేంద్రం నిబంధన పెట్టింది; ఏసీ పాపం 24 మీదే మొదలవుతుంది, వేలు ఊరుకోదు. అధికారి భుజాన స్వెట్టరు. కిటికీకి దట్టమైన తెర. తెర వెనక ఎండ పుష్కలంగా ఉంది, కావలసినంత వెలుతురు. దాన్ని మూసి, ట్యూబులైట్లు వేసి, చలికి వణుకుతూ, ఆయన నా అర్జీ మీద ‘పరిశీలించి చర్య తీసుకోండి’ అని రాసినాడు. నేను బయటికొచ్చి ఎండలో నిలబడితేగానీ ఒళ్ళు స్వాధీనంలోకి రాలేదు.

మా జిల్లాలోనే నంబులపూలకుంటలో కొండల మధ్య కనుచూపు మేర సౌర పలకలు. 2016లో ఎన్‌టీపీసీ 250 మెగావాట్లతో మొదలుపెట్టింది. మా ఎండే. అక్కడ పట్టి, తీగల మీదెక్కించి, ఎక్కడెక్కడికో తిప్పి, అందులో మా వంతు మళ్ళీ మా మీటరు దగ్గరికి 8.75కు దింపుతారు. మా నెత్తి మీద పడిన ఎండ మాత్రం ఉచితం. అది లోపలికొస్తుంది. దాన్ని తరమడానికి 8.75 కరెంటు కావాలి. ఎండను కొనుక్కుని ఎండను తోలుకోవడం. మా పక్కింటి బావ దీన్నే ‘కుక్కను కొని, తరిమేదానికి కట్టె కూడా ఆ అంగట్లోనే కొన్నట్లుండాది కదప్పా’ అన్నాడు. బావ చదివింది ఏడో తరగతి.

ఇంతకూ చేయవలసిందేమిటని అడుగుతారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అంత చిన్న సంగతి. స్లాబు మీద తెల్లసున్నం. సున్నం, అంటుకోవడానికి ఇంత జిగురు, రెండు పూతలు. లేదా తెల్ల పలకరాళ్ళు. ఎండ తెలుపు మీద పడి వెనక్కి పోతుంది. లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. సున్నం మా పూర్వీకులకు తెలియని వస్తువా? గగన్ మహల్ నిలబడింది దాని మీదే. పక్కన తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానమని అయిదేళ్ళకు ఒకటి ప్రకటించింది. ఇళ్ళకైతే 600 గజాలు, ఆ పైన ఉన్న స్థలాల్లో తప్పనిసరి అంది, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు అంది. అక్కడ కూడా 600 గజాల వాడే ముందు! మా దేశంలో చల్లదనం పై మెట్టు మీదనుంచే కిందికి దిగుతుంది కాబోలు. మెట్టు మెట్టుకూ ఆవిరైపోతూ.

సున్నం పథకం మా దిక్కు ఎందుకు రాదో చాలా రోజులు ఆలోచించినా. సున్నం బకెట్టుకు రిబ్బను కట్టలేరు. సున్నానికి చుక్కల చీటీ లేదు, వారంటీ కార్డు లేదు, టెండరు పిలిస్తే తెగబడి వచ్చే కంపెనీ లేదు. పూసిన తర్వాత మిద్దె పైన ఉంటుంది. వీధిలోంచి పోయే నాయకుడికి కనపడదు, హెలికాప్టరులో పోయే నాయకుడికి మాత్రమే కనపడుతుంది. ఆయన కిందికి చూడడు. ఇక మాకు కూడా అది నామోషీ. ఎలివేషనుకు నాలుగు లక్షలు పెట్టి, మిద్దెకు నాలుగు వేల సున్నం వేయమంటే, ‘అదేముందిలేప్పా, ఎవరికి కనపడతాది’ అంటాం. కనపడనిదానికి ఖర్చుపెట్టే అలవాటు మాకు కరెంటు బిల్లులో తప్ప ఇంకెక్కడా లేదు.

కాబట్టి అయ్యలారా, అధికారులారా, వారోత్సవ కమిటీవారలారా, ఒక విన్నపం. వచ్చే ఏడు ర్యాలీ డిసెంబరులో వద్దు. పిల్లలకు పరీక్షలుంటాయి, పైగా చలి. మే నెలలో పెట్టండి. మధ్యాహ్నం రెండు గంటలకు. పిల్లల్ని ఇంట్లో వదిలేసి మీరే రండి. వీధుల్లో తిరగనక్కర్లేదు, మా మిద్దె మీద సభ పెడదాం. మెట్లు పడమటి పక్క ఉన్నాయి, వాస్తు ప్రకారం. వేదిక, మైకు, దండలు నేను చూసుకుంటా. ఎంతసేపైనా మాట్లాడండి, మధ్యలో లేవం.

చెప్పులు మాత్రం కిందే విడిచి రండి.